ఫౌజీ ఇంటి చదువు: ఒక నల్ల ట్రంకు పెట్టె లెక్క

[బల్ల మీద నల్ల ఇనప ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో పేరు, యూనిట్.]

ఫౌజీ ఇళ్లవాళ్లకు, అంటే సైన్యంలో పనిచేసేవాళ్ల కుటుంబాలకు, ఈ పెట్టె గురించి చెప్పక్కర్లేదు. పోస్టింగ్ ఆర్డర్ వచ్చిన రోజు అటక మీంచి దిగుతుంది. కొత్త ఊళ్లో క్వార్టర్ దొరికాక మంచం కిందికి పోతుంది. మాది సికింద్రాబాద్‌లో బయల్దేరి జోధ్‌పూర్ మీదుగా తేజ్‌పూర్ దాకా తిరిగింది.

దీన్ని ముందు పెట్టుకుని ఎందుకు కూర్చున్నానంటే, ఈమధ్య ఏ పెళ్లికెళ్లినా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "ఏమ్మా, పిల్లను బడి మాన్పించేశావంట?" మా పుట్టిల్లు మిలిటరీ మాధవరం దగ్గర. ఇంటికొకరు ఫౌజులో ఉంటారని పేరున్న ఊరు అది. బదిలీ అంటే ఏమిటో తెలిసిన ఆ చుట్టుపక్కల కూడా ఇదే మాట!

నేను మాన్పించలేదు. ఏడో తరగతి ఇంట్లో చదివించాను.

"కేంద్రీయ విద్యాలయాలున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. 1963లో అవి మొదలైందే బదిలీ ఉద్యోగుల పిల్లల కోసం. సీటిచ్చేటప్పుడు గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలయ్యాయో కూడా లెక్కేస్తారు. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లూ ఉన్నాయి. సీటు దొరికితే కళ్లు మూసుకుని చేర్పించండి. రెండింట్లోనూ ఎన్‌సీఈఆర్‌టీ, అంటే కేంద్ర విద్యా పరిశోధన సంస్థ, వేసిన పుస్తకాలే కాబట్టి ఊరు మారినా పాఠం తెగదు. మాకు ఆర్డర్ అక్టోబర్లో వచ్చింది. కొత్త ఊళ్లో ఆ బళ్లలో సీటు లేదు. క్వార్టర్ కూడా లేక గెస్ట్‌రూమ్‌లో ఉన్నాం. దగ్గర్లో ఉన్న ఇంకో బడికి వెళ్లి చూశాను. మా పాప పాత బడిలో భిన్నాల భాగహారం ఇంకా మొదలే కాలేదు, ఇక్కడ అప్పటికే అయిపోయింది. పాత బడిలో తెలుగు చదివిన పిల్ల, ఇక్కడ సంస్కృతం రాయాలి.

ఇప్పుడు పెట్టె సంగతికొద్దాం. క్వార్టర్లో ఎంఈఎస్ (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్) వాళ్లిచ్చిన బీరువా ఉంటుంది చూశారా, బడి ఆ బీరువా లాంటిది. బట్టలన్నీ అందులో పొందిగ్గా సర్దుకుంటాం, వెళ్లేరోజు దాన్ని అక్కడే వదిలేస్తాం. ట్రంకు మనతో వస్తుంది. ఇంటి చదువంటే, బీరువా దొరికేదాకా చదువును ట్రంకులో ఉంచుకోవడం. బీరువా లేదని బట్టలు నేల మీద పారేయం కదా!

ట్రంకులో బీరువా మొత్తం కుక్కితే మూత పడదు. నేను మొదటి నెల అదే చేశాను. రోజుకు ఎనిమిది పీరియడ్లు, గంట కొట్టినట్టు టైమ్‌టేబుల్. ఇద్దరం ఏడ్చాం. ఒక్క పిల్లకు ఒక్క టీచరున్నప్పుడు పొద్దున మూడు గంటలు చాలు, నిజంగా చాలు. తర్వాత పెట్టెలో మిగిలినవి ఇవే: ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, అట్లాసు, తెలుగు వాచకం. ఎన్‌సీఈఆర్‌టీవి వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు మాత్రం నా పట్టుదల. ఊళ్లు మారితే ముందు జారిపోయేది అమ్మభాషే. ఫీల్డ్ పోస్టింగ్‌లో, అంటే కుటుంబం వెంట వెళ్లలేని చోట, ఉన్న వాళ్ల నాన్న సిగ్నల్ ఉన్న రాత్రి ఫోన్ చేసి ఎక్కాలడిగేవారు. ఆయన్ని కూడా ఆ పెట్టెలోనే లెక్కేస్తాను నేను.

[పెట్టెలోంచి నోటుబుక్కు తీసి చూపిస్తూ]

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఏ తేదీన ఏ పాఠం, ఎక్కడ ఆగింది, ఏ పరీక్ష పెట్టాను, అంతా ఇందులో ఉంది. మళ్లీ బడిలో చేర్చేటప్పుడు నేను బల్ల మీద పెట్టింది ఈ పుస్తకమే.

చట్టం ఒప్పుకుంటుందా అంటే, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువు ప్రస్తావన అందులో లేదు. తల్లిదండ్రులకు శిక్షా రాయలేదు. ఇది మన హక్కని బల్లగుద్ది చెప్పను కానీ, అదే చట్టం నాలుగో సెక్షన్ చదవండి. బడికి దూరమైన పిల్ల తిరిగొస్తే వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. మా పాప ఎనిమిదిలో చేరింది.

టైమ్ అయిపోతోంది, పెద్ద తరగతుల గురించి గబగబా చెప్పేస్తాను. బడి దారి పూర్తిగా కుదరకపోతే ఎన్ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యాలయం ఉంది. మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానంగా ఎ, బి, సి స్థాయిలు. పదికి 14 ఏళ్లు నిండాలి. ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా, చదవగలనని స్వీయ ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. పదిలో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇంటర్ స్థాయి కూడా అక్కడే రాయొచ్చు. నీట్‌కు ఓపెన్ స్కూల్ పిల్లలు పనికిరారన్న నిబంధనను 2018లోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2024లో సుప్రీంకోర్టు కూడా వాళ్లు రాయొచ్చనే చెప్పింది. కాబట్టి "ఇక డాక్టర్ అవ్వడం కుదరదు" అని ఎవరైనా భయపెడితే ఈ రెండు సంవత్సరాలూ చెప్పండి.

ఎన్ఐఓఎస్ ఫారం ఎలా నింపాలో వచ్చే వీడియోలో స్క్రీన్ మీదే చూపిస్తాను. ఈలోగా ఒక నోటుబుక్కు కొని, మొదటి పేజీలో ఇవాళ్టి తేదీ వేసి ఉంచండి.