పెన్షన్ వస్తోంది సరే, పొద్దున్నే మంచం మీంచి లేపేదెవరు?

నమస్కారం అండి. వికలాంగుల గురించి ఎవరు మాట్లాడినా చివరికి పెన్షన్ దగ్గరే ఆగిపోతున్నారు. తెలంగాణలో 2023లో నెలకి 4,016 చేశారు, ఆంధ్రాలో 2024లో మూడు వేలని ఆరు వేలు చేశారు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 15 వేలు. మంచి పనే, ఆ డబ్బుతో మందులొస్తాయి, ఇంట్లో ఆ మనిషి మాటకి కాస్త విలువ కూడా వస్తుంది. కానీ డబ్బు వచ్చి మనిషిని మంచం మీంచి లేపదు కదండీ.

నడుము కింద చచ్చుబడిపోయిన ఒక కుర్రాడికి తెల్లారితే ఏమేం కావాలో చూడండి. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయాలి, పక్కకి తిప్పి వీపు కింద పుండ్లు పడుతున్నాయేమో చూడాలి, దొడ్డికి కూర్చోబెట్టాలి, స్నానం చేయించి బట్టలు తొడగాలి, అప్పుడు చంకల కింద చేతులేసి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాలి. చాలా ఇళ్లల్లో ఇదంతా చేసేది అమ్మే. ఆవిడకి అరవై దాటి ఉంటాయి, మోకాళ్ల నొప్పులు, ఆవిడకి జ్వరం వచ్చిందంటే ఆ రోజు కుర్రాడు మంచం దిగడు, అంతే. అదే ఆడపిల్లయితే నెలసరి రోజుల్లో అమ్మ తప్ప ఇంకెవరి చేతా చేయించుకోలేదు. ఈ తల్లులు అడిగేది ఒకటే, "నేను పోతే వీడి గతేంటి" అని. దానికి మన దగ్గరున్న జవాబు అయితే ఏదో ఒక హోమ్, లేకపోతే అన్నావదినల దయ. ఇది జవాబని నేను ఒప్పుకోను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీ అనే ఊళ్లో 1972లో వికలాంగులే ఒక కేంద్రం పెట్టుకున్నారు. దాని వెనకున్నవాళ్లలో ముఖ్యుడు ఎడ్ రాబర్ట్స్. పద్నాలుగేళ్లకి పోలియో వచ్చి మెడ కింద దాదాపు ఏమీ కదలని మనిషి, పడుకోవాలంటే ఊపిరి ఆడించే ఐరన్ లంగ్ అనే యంత్రంలో పడుకోవాలి. ఇతను ఎప్పటికీ ఉద్యోగం చేయలేడని మొదట్లో చదువుకి సాయం చేయనన్న కాలిఫోర్నియా పునరావాస శాఖకే 1975లో డైరెక్టర్ అయ్యాడు.

ఆ కేంద్రం చేసినవన్నీ మామూలు పనులే. రోజువారీ పనుల్లో సాయం చేసే అటెండెంట్‌లని వెతికిపెట్టడం, మెట్లు లేని అద్దె ఇల్లు చూపించడం, వీల్‌చైర్ రిపేర్ చేయడం. అసలు విషయం ఏంటంటే, అటెండెంట్‌ని పెట్టుకునేదీ, ఎన్నింటికి రావాలో చెప్పేదీ, నచ్చకపోతే మార్చుకునేదీ ఆ వికలాంగుడే. ఇప్పుడు కాలిఫోర్నియాలో పేద వికలాంగులకి ఆ జీతం సర్కారు డబ్బుతో ఇస్తారు, ఇంట్లో వాళ్లనే పెట్టుకున్నా ఇస్తారు. అక్కడున్న మన తెలుగువాళ్లలో పెద్దవాళ్లని చూసుకుంటున్న కొందరికి ఇది తెలిసే ఉంటుంది.

మనకి ఇది కొత్త అనుకోకండి. ఉమ్మడి రాష్ట్రంలో పేదరికం తగ్గించడానికి సర్కారు నడిపిన వెలుగు పథకం రోజుల్లో వికలాంగుల పొదుపు సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి, పిల్లల కోసం ఊరి దగ్గరే కేంద్రాలు నడిచాయి. ఆ సంఘాల చేతికే మండలానికొక రిపేర్ షాపు ఇస్తే ఎంత బాగుంటుందో! క్యాంపులో ఇచ్చిన ట్రైసైకిల్‌కి ముందు చక్రం బేరింగ్ పోతే, సరైన స్పేర్ దొరక్క, పాకలో కోళ్ల గంప పక్కన తుప్పుపట్టి పడి ఉంటుంది, దాని యజమానేమో ఇంట్లో పడి ఉంటాడు. ఒక్క బేరింగ్ కోసం అండి.

చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 5 చదవండి. ఫలానా చోటే ఉండాలని వికలాంగుల్ని బలవంతపెట్టకుండా, సొంత ఊళ్లో సొంత ఇంట్లో బతకడానికి కావాల్సిన సేవలు, సాయం చేసే మనిషితో సహా, అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో ఉంది. వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ చూసుకోవాలని కూడా ఉంది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకి సంరక్షకుడి భత్యం మాట సెక్షన్ 24లో ఉంది, ఆ సాయానికి ఎలా దరఖాస్తు చేసుకోవాలో సెక్షన్ 38లో ఉంది. వైకల్యం ఎంతుందో చెప్పే సదరం సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడ్డ ఎంతమందికి ఈ ముక్క ఎవరైనా చెప్పారు?

అందుకే అడుగుతున్నా. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టడానికి వెళ్లినప్పుడు పెన్షన్‌తో పాటు సెక్షన్ 38 కింద సాయం కావాలని కూడా రాయండి, రోజుకి ఎన్ని గంటలు మనిషి కావాలో, ఏ ఏ పనులకి కావాలో వివరంగా రాయండి, రసీదు తీసుకోండి. రాయడం రానివాళ్ల తరఫున పక్కింటి కుర్రాళ్లు, మీరు రాసిపెట్టండి.