చెప్పి వెళ్ళండి

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊళ్ళో, బడులు తెరవబోయే ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అరుగు మీదున్నవాళ్ళు లోపలికి రండి, సర్దుకుందాం. మగవాళ్ళు నలుగురే కనబడుతున్నారు. తప్పు పట్టడం లేదు. వలస ఊళ్ళలో మీటింగంటే మామ్మలదేనని నాకు తెలుసు. ఇవాళ నా మాటలు కూడా ఎక్కువగా మామ్మలకే.

జూన్ 12న బడి తెరుస్తారు. బ్యాగులు, బూట్లు, యూనిఫాం కుట్టించడం మీకు నేను చెప్పాలా? నేను మాట్లాడేది ఆ పొద్దున్న గుమ్మం దగ్గర జరిగే రభస గురించి. "నానెల్ను. కడుపు నొప్పి." అదిగో, నవ్వుతున్నారు. అందరిళ్ళలోనూ ఉన్నదే.

ముందు ఆ కడుపు నొప్పి సంగతి చూద్దాం. దొంగనొప్పి అంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అన్నాను. కానీ భయానికీ పొట్టకీ నరాల చుట్టరికం ఉంది. కోర్టు వాయిదాకి వెళ్ళే రోజు మీకు కడుపులో తిప్పదూ? పిల్లాడికీ అంతే. పెద్దవాడు "టెన్షన్‌గా ఉంది" అంటాడు, ఆరేళ్ళవాడికి ఆ మాట రాదు కాబట్టి పొట్ట చూపిస్తాడు. ఆదివారం లేని నొప్పి సోమవారం పొద్దున్న వచ్చి, బడి వేళ దాటగానే పోతుంటే అది దిగులు నొప్పి. జ్వరం, వాంతులు ఉన్నా, నిద్రలోంచి లేపేసే నొప్పైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దిగులు నొప్పైతే "నీకేం లేదు, నడు" అనకండి. "నొప్పేస్తోందా? రా, చెయ్యేసి రాస్తాను. తగ్గాక ఇద్దరం కలిసి నడుద్దాం" అనండి. నొప్పి నిజమని ఒప్పుకోండి, బడి మాత్రం మాన్పించకండి. ఒక్కరోజు మాన్పిస్తే రెండో రోజు నొప్పి రెట్టింపవుతుంది.

ఇక ఆ దిగులు దేనికి? టీచరంటేనా, లెక్కలంటేనా? కొందరికి అవే. కానీ ఈ తీరంలో నేను చూసిన పిల్లల్లో చాలామంది భయం బడి గురించి కాదు. వెనక ఇంట్లో ఏమైపోతుందోనని.

ఒక పిల్లాడి సంగతి చెబుతాను. రెండో తరగతి. తండ్రిది మర పడవ. మీకు తెలుసు కదా, వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రెండు నెలలూ నాన్న ఇంట్లోనే. వల బాగుచేస్తుంటే పక్కన కూర్చుని దారం అందించేవాడట. బడి 12న తెరిచారు, బుద్ధిగా వచ్చాడు. 15 తెల్లవారుజామున తండ్రి వేటకెళ్ళాడు. లేపితే ఏడుస్తాడని లేపలేదు. ఆ పొద్దున్న మొదలైంది. తల్లి చీర కొంగు పిడికిట్లో పట్టుకుని వదల్డు. అప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. రంగు సుద్దముక్కల పెట్టె వాడి ముందు పెట్టి, తల్లికి కళ్ళతోనే సైగ చేశాను, జారుకోమని. వాడు ఎర్ర సుద్దముక్క తియ్యడానికి కొంగు వదిలాడు. ఆవిడ వెళ్ళిపోయింది. వాడు వెనక్కి తిరిగి చూశాడు. ఏడవలేదు. ఆ సుద్దముక్క పెట్టెలో పెట్టేసి కిటికీ పక్కకి పోయి కూర్చున్నాడు.

చూశారా, ఎంత తేలిగ్గా సర్దుకున్నాడో అని మా స్టాఫ్ రూంలో గొప్పగా చెప్పుకున్నాను. నెల రోజులు వాడు ఆ కిటికీ వదల్లేదు. ఒంటికి పోవడానికి కూడా లేచేవాడు కాదు. గంట కొట్టినప్పుడల్లా "మాయమ్మ ఇంట్లోనే ఉందా టీచర్?" అనేవాడు. కన్ను మూస్తే నాన్న పోయాడు, తల తిప్పితే అమ్మ పోయింది. ఇంక వాడు తల తిప్పుతాడా?

ఏడుపు చూడలేక మనం ఈ పని చేస్తాం. పిల్లల కోసమనుకుంటాం గానీ, చాలావరకు మన కోసమే. చెన్నై పనులకి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి, గుజరాత్‌లో వేరావల్ బోట్లకి వెళ్ళే నాన్నలు కూడా అర్ధరాత్రి రైలుకి పిల్లలు నిద్రపోతుండగానే గుమ్మం దాటుతారు. మన భాషలో ఇంట్లోంచి కదిలేవాడు "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి. పెద్దవాళ్ళకి అంత పట్టింపు. పిల్లలకైతే ఆ ముక్క కూడా చెప్పం.

చెప్పి వెళ్ళండి. ముందురోజే చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఎన్ని నెలలకొస్తారో "త్వరలో" అనకుండా, పండక్కో పరీక్షలకో ముడిపెట్టి నిజం చెప్పండి.

ఇంకో మాట, ఇది చెప్పడం కష్టం. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. సోంపేటకో పలాసకో డయాలసిస్‌కి తిరిగే మనిషి ఇంట్లో ఉంటే పిల్లలకి అన్నీ తెలుస్తాయి. గుసగుసలు మరీ బాగా తెలుస్తాయి. నాలుగో తరగతి పిల్ల ఒకతె వారంలో రెండు రోజులే మానేసేది. ఆ రెండూ తాతని డయాలసిస్‌కి తీసుకెళ్ళే రోజులని తెలుసుకోవడానికి నాకు దసరా దాకా పట్టింది. ఆ పిల్లకి చదువు మీద అయిష్టం లేదు, కాపలా ఉంటోంది. ఆ తర్వాత వాళ్ళమ్మ పొద్దున్నే చెప్పడం మొదలెట్టింది: తాతని ఆటోలో తీసుకెళ్తాం, నాలుగు గంటలు మిషన్ మీద ఉంటాడు, నువ్వొచ్చే వేళకి మంచం మీద పడుకుని ఉంటాడు, నీరసంగా ఉంటాడు, భయపడకు. రెండు రోజులూ రావడం మొదలుపెట్టిందని చెప్పను. ఒక రోజు రావడం మొదలెట్టింది. నాకదే చాలనిపించింది.

తిత్లీ తుఫాను గుర్తుందా అని మిమ్మల్ని అడగడం అవివేకం. 2018 అక్టోబర్ 11, తెల్లవారుజాము. మళ్ళీ బడి తెరిచాక పిల్లలు ఇంటర్వెల్‌లో ఒక ఆట కనిపెట్టారు. ఒకడు గాలి, మిగతావాళ్ళు కొబ్బరి చెట్లు. గాలి ఊదుకుంటూ వస్తే చెట్లు ఒక్కొక్కటీ ధబ్బున పడాలి. పడ్డవాళ్ళని లెక్కపెట్టేవారు. "మావి పద్దెనిమిది!" "మావి ముప్పై!" నాకు ఒళ్ళు మండింది, అదేం ఆటని అరిచాను. ఆట ఆగలేదు, గోడ వెనక్కి పోయింది. పిల్లలు నోటితో చెప్పలేనిది ఆటలో చెప్పుకుంటారని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. మీ ఇంట్లో పిల్ల బొమ్మని బడికి పంపే ఆట ఆడుతూ ఆ బొమ్మని చితక్కొడుతుంటే, ఆపకండి. పక్కన కూర్చుని "బొమ్మకేమైంది?" అని అడగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను, మీకు ఎసరు పెట్టే వేళవుతోంది. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. సెలవుల్లో పదకొండింటిదాకా ఫోన్ చూసినవాణ్ణి 11వ తేదీ రాత్రి తొమ్మిదింటికి పడుకోమంటే పడుకోడు. ఇవాళ్టినుంచే రోజుకి పావుగంట చొప్పున ముందుగా పడుకోబెట్టండి. కొత్తగా చేరేవాళ్ళకి ఓ సాయంత్రం బడి చూపించండి, ముఖ్యంగా మరుగుదొడ్డి. చిన్నపిల్లల సగం భయాలు అక్కడే ఉంటాయి, పైకి చెప్పరు. గేటు దగ్గర ముద్దులు, వీడ్కోళ్ళు సాగదీయకండి. ఒక్క మాట: "ఆఖరి గంట కొట్టాక బోరింగు దగ్గర నేనుంటాను." మీరు జీడిపిక్కల పనికి పోతే "మామ్మ ఉంటుంది" అనండి. అన్నాక మాత్రం ఉండాలి. మొదటి వారం ఆ గంటకి ఐదు నిమిషాల ముందే ఉండాలి.

"టీచరుకి చెప్పి కొట్టిస్తా" అనే బెదిరింపు మానండి. మీరే మమ్మల్ని బూచిని చేసి, మీరే ఆ బూచి దగ్గరికి పంపుతారు. పైగా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో హింసించకూడదు. ఎవరైనా కొడితే వచ్చి అడగండి. నేను ఉద్యోగంలో ఉండగా ఈ మాట ఇంత గట్టిగా చెప్పలేదు, ఒప్పుకుంటున్నాను.

రెండు మూడు వారాలైనా దిగులు తగ్గకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా, ఒక ఫలానా మనిషి పేరు వింటేనే బిగుసుకుపోతున్నా, అది మారాం కాదు. విడిగా కూర్చోబెట్టుకుని అడగండి. 14416 టెలీ మానస్, మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ నంబరు, ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా పిల్లకి హాని చేస్తున్నారనిపిస్తే 1098, అది పిల్లల హెల్ప్‌లైన్. ఆ రెండు నంబర్లూ బోర్డు మీద రాస్తాను, ఫోన్లలో ఎక్కించుకోండి.

మామ్మా, ఇందాకణ్ణుంచి చెయ్యెత్తి ఉన్నారు. లేవక్కర్లేదు, కూర్చునే అడగండి.