ఫెట్ సర్క్యూట్ సిమ్యులేషన్ రివ్యూ: టీచర్ చేతిలో ఇది ఏం చేయగలదు?

నమస్కారం. ఈరోజు రివ్యూ సైన్సు టీచర్ల కోసం, టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్ల కోసం. ఫెట్ అంటే కంప్యూటర్ స్క్రీన్ మీదే ప్రయోగాలు చేసుకునే సిమ్యులేషన్లు తయారుచేసే ప్రాజెక్టు. మీకు స్క్రీన్ మీద కనిపిస్తున్నది వాళ్ల సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్, డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వెర్షన్. పక్కనున్న పెట్టెలో బ్యాటరీ, వైరు, బల్బు, రెసిస్టర్, స్విచ్ ఉన్నాయి. ఒక్కొక్కటి లాగి మధ్యలో పెట్టుకోవాలి. చివరలు కలిపితే బల్బు వెలుగుతుంది, కత్తెర గుర్తు నొక్కి విడదీస్తే ఆరిపోతుంది. బ్యాటరీ రెండు చివరలనూ నేరుగా వైరుతో కలిపేస్తే ఇదిగో, మంటలు! పిల్లలు ముందు చేసేది ఇదే. చేయనివ్వండి. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో ఎవరికీ ఏ ప్రమాదమూ లేకుండా కళ్లారా చూస్తారు.

ఫెట్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో మొదలైంది. మొదలుపెట్టింది కార్ల్ వీమన్. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఫిజిక్స్‌తో మొదలై ఇప్పుడు కెమిస్ట్రీ, బయాలజీ, గణితం, భూవిజ్ఞానం దాకా విస్తరించింది. డబ్బు కట్టక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

ఫీచర్లు ఇంతటితో చాలు. క్లాసులో దీనివల్ల పిల్లలకు నిజంగా ఏమైనా అర్థమవుతుందా? నా దృష్టిలో తేల్చుకోవాల్సింది అదే.

ఒక చిన్న సర్క్యూట్ కడుతున్నాను. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు ఒకటి. కట్టే ముందే కుడివైపు ప్యానెల్‌లో 'కరెంటు చూపించు' అన్న దగ్గర టిక్ తీసేశాను. విలువలు చూపించే టిక్ కూడా తీసేశాను. ఎందుకో చెబుతాను.

ఇప్పుడు పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ఇది: బల్బులోకి వెళ్లే వైరులో ఎంత కరెంటు ఉంటుందో, బల్బు నుంచి బయటికొచ్చే వైరులో కూడా అంతే ఉంటుందా, తగ్గుతుందా? ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో జవాబు రాయాలి, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాలి. చాలామంది 'తగ్గుతుంది' అని రాస్తారు. కారణం కూడా గట్టిగానే చెబుతారు: బల్బు వెలగడానికి కొంత కరెంటు ఖర్చయిపోతుంది కదా! ఈ అపోహ ఏ ఒక్క క్లాసులోనో ఉండేది కాదు. సైన్సు బోధన మీద పరిశోధన చేసేవాళ్లు ఎన్నో దేశాల్లో దీన్ని గమనించారు. వోల్టేజి, కరెంటు, నిరోధాల సంబంధం చెప్పే ఓమ్ నియమం మీద లెక్కలన్నీ సరిగ్గా చేసే పిల్లల బుర్రలో కూడా ఇది చెక్కుచెదరకుండా ఉంటుంది. లెక్క చేయడానికి అది అడ్డం రాదు కాబట్టి టీచర్ కంటికి ఆనదు.

అందరూ రాశాక కరెంటును కొలిచే అమ్మీటర్ తీయండి. వైరు తెంచకుండా పైన పెడితే చాలు, రీడింగ్ చూపించే అమ్మీటర్ ఇందులో ఉంది. బల్బుకు ముందు పెట్టాను: 0.90 ఆంపియర్లు. బల్బు దాటాక పెట్టాను: 0.90. అంతే ఉంది. ఇప్పుడు క్లాసులో గోల మొదలవుతుంది. 'మరి బల్బు దేంతో వెలుగుతోంది సార్?' అని ఎవరో ఒకరు అడుగుతారు. పాఠం అసలు మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. ఖర్చయ్యేది శక్తి, కరెంటు కాదు అన్న మాట మొదటి నిమిషంలోనే బోర్డు మీద రాసేస్తే ఆ ప్రశ్న పుట్టదు, ఆ అపోహా కదలదు.

ఇప్పుడు రెండో బల్బును సమాంతరంగా, అంటే మొదటి బల్బు పక్కనే వేరే దారిలో, కలుపుదాం. కలిపే ముందు మళ్లీ ప్రశ్న: మొదటి బల్బు వెలుగు తగ్గుతుందా, అలాగే ఉంటుందా? బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుంది, రెండు బల్బులూ దాన్ని పంచుకుంటాయి అనుకునేవాళ్లు 'తగ్గుతుంది' అంటారు. కలిపాను, చూడండి. వెలుగు తగ్గలేదు. బ్యాటరీ దగ్గర అమ్మీటర్ పెడితే 1.80. అదే రెండో బల్బును శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే దారిలో, కలిపితే 0.45, రెండూ మసకగా వెలుగుతున్నాయి. ఇక్కడ మీరు ఒక్క మాట కూడా వివరించక్కర్లేదు. 'మీరేం రాశారు, ఏం జరిగింది, ఎందుకు?' అని అడిగి పక్కకు జరగండి.

టిక్‌లు ఎందుకు తీసేశానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అవి మొదట్నుంచీ ఉంటే పిల్లలు ఊహించరు, చదివేస్తారు. ముందు ఊహించడం, తర్వాత గమనించడం, ఆ తర్వాత వివరించడం: ఈ పద్ధతి కంప్యూటర్లు రాకముందూ సైన్సు క్లాసుల్లో ఉన్నదే. సిమ్యులేషన్ దానికిచ్చేది వేగం. నిజమైన కిట్‌తో పదిహేను నిమిషాలు పట్టే పని ఇక్కడ నిమిషంలో అయిపోతుంది, కాబట్టి మాట్లాడుకోవడానికి టైమ్ మిగులుతుంది. ఆ మిగిలిన టైమ్‌ను మాట్లాడుకోవడానికి కాకుండా ఇంకో సిమ్యులేషన్ చూపించడానికి వాడితే మాత్రం చేసిందంతా వృథా.

ఈ పద్ధతికి ఆధారం ఉంది. 2005లో ఫిజిక్స్ బోధన మీద పరిశోధన చేసే నోవా ఫింకెల్‌స్టీన్, ఆయన సహచరులు కాలేజీ విద్యార్థులను రెండు వర్గాలుగా చేసి, ల్యాబ్‌లో కొందరికి నిజమైన పరికరాలు, కొందరికి ఈ సిమ్యులేషన్ పాత రూపం ఇచ్చారు. సిమ్యులేషన్ వాడినవాళ్లు భావనలకు సంబంధించిన ప్రశ్నల్లో మెరుగ్గా రాశారు. ఆ తర్వాత నిజమైన వైర్లు, బల్బులు ఇచ్చి సర్క్యూట్ కట్టమంటే అందులోనూ వాళ్లే ముందున్నారు. ఇది చదివి ల్యాబ్ మూసేయొచ్చని అనుకోకండి. ఆ విద్యార్థులు సిమ్యులేషన్‌ను తమ చేతులతో వాడారు. ముందు నిలబడి ఒకరు ఆడిస్తుంటే కూర్చుని చూడలేదు.

క్లాసుల్లో ఎక్కువగా జరిగేది మాత్రం ఆ రెండోదే. ప్రొజెక్టర్ వేస్తారు, సర్క్యూట్ అంతా టీచరే కడతారు, 'చూశారా, వెలిగింది' అంటారు. పిల్లలు చూస్తారు, సంతోషిస్తారు. ఉన్నది ఒక్క స్క్రీనే అయినా ఇంతకన్నా మంచి దారి ఉంది. ఒక విద్యార్థిని ముందుకు పిలిచి మౌస్ ఇవ్వండి. ఏం చేయాలో మిగతా క్లాసు చెప్పాలి, మీరు చెప్పకూడదు. పరికరాలు కొన్ని ఉంటే ఇద్దరికి ఒకటి ఇవ్వండి. ఇద్దరు ఒకే స్క్రీన్ ముందు కూర్చుంటే వాదించుకుంటారు, ఆ వాదనే మనకు కావాలి. సిమ్యులేషన్ ఫైల్ ముందుగా డౌన్‌లోడ్ చేసుకుంటే క్లాసులో ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఇంకో మాట: మొదటి ఐదు నిమిషాలు ఏ సూచనా ఇవ్వకుండా ఆడుకోనివ్వండి. ఆ మంటల సరదా తీరిపోతే తర్వాత మీ ప్రశ్న వింటారు.

లోపాలు కూడా చెప్పాలి. ఇక్కడి బ్యాటరీకి మామూలుగా అంతర్నిరోధం, అంటే బ్యాటరీ లోపలే కరెంటుకు ఉండే అడ్డంకి, సున్నా. అందుకే సమాంతరంగా ఇంకో బల్బు కలిపినా వెలుగు ఏమాత్రం తగ్గలేదు. నిజమైన బ్యాటరీతో చేస్తే కొద్దిగా తగ్గొచ్చు, అప్పుడు పిల్లలు 'కంప్యూటర్ తప్పు చెప్పింది' అంటారు. అడ్వాన్స్‌డ్ అన్న చోట అంతర్నిరోధం పెంచే స్లైడర్ ఉంది. కాస్త పెంచి చూపించండి, ఆ తేడా కూడా పాఠమే అవుతుంది. రెండోది, ఎలక్ట్రాన్లు నీలి చుక్కల్లా చకచకా కదులుతున్నట్టు కనిపిస్తాయి. మామూలు రాగి తీగలో ఎలక్ట్రాన్లు ముందుకు జరిగే సగటు వేగం సెకనుకు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇది నమూనా మాత్రమే అని టీచర్ నోటితో చెప్పాలి, స్క్రీన్ చెప్పదు. మూడోది, ఇక్కడ లూజ్ కనెక్షన్ ఉండదు. తుప్పు పట్టిన క్లిప్పు ఉండదు. కాబట్టి ఇది అయ్యాక నిజమైన వైరు పిల్లల చేతికి రావాల్సిందే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. నేను ఇప్పటిదాకా చెప్పినదాంట్లో కంప్యూటర్ పరిజ్ఞానం ఎంత? మౌస్‌తో లాగడం, టిక్ తీయడం. మిగతాదంతా వేరే తెలివి: ఏ అపోహ ఉందో తెలియడం, ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో తెలియడం, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం. విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లోనే చెప్పారు, సబ్జెక్టు తెలియడం వేరు, ఆ సబ్జెక్టును నేర్పడం తెలియడం వేరు అని. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే ఇద్దరు పరిశోధకులు దానికి టెక్నాలజీని జోడించారు. సబ్జెక్టు, బోధన, టెక్నాలజీ మూడూ ఒకే పాఠంలో కలిసిన చోట ఉండే జ్ఞానమే టీచర్‌కు కావాలన్నది వాళ్ల వాదన. ఇరవై ఏళ్లు గడిచినా మన శిక్షణలు చాలావరకు మూడోదాని దగ్గరే ఆగిపోయాయి. ఫిజిక్స్ టీచర్, భాషా టీచర్, లెక్కల టీచర్ ఒకే హాల్లో కూర్చుని ఖాతా ఎలా తెరవాలి, స్లైడ్‌లో బొమ్మ ఎలా పెట్టాలి అని నేర్చుకుంటారు. సాయంత్రానికి సర్టిఫికెట్ వస్తుంది. మర్నాడు క్లాసులో ఏం మారుతుంది?

పరికరాలు ఇస్తే చాలదని చెప్పే పెద్ద ఉదాహరణ పెరూ దేశం. అక్కడ పిల్లలకు లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వచ్చిన మూల్యాంకనంలో గణితంలోగానీ భాషలోగానీ చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడలేదు. యంత్రాన్ని పాఠంతో ఎలా ముడిపెట్టాలో టీచర్‌కు అండ లేకపోతే యంత్రం బల్ల మీద ఉండిపోతుంది.

శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే నా విన్నపం ఇది. ఈ ఒక్క సిమ్యులేషన్ తీసుకోండి. టీచర్లను పిల్లల స్థానంలో కూర్చోబెట్టండి. 'బల్బు దాటాక కరెంటు ఎంత?' అని అడిగి రాయించండి, వాదించుకోనివ్వండి. తర్వాత ప్రతి టీచర్ తన క్లాసు కోసం మూడు ప్రశ్నలు తయారుచేయాలి. ఆ వారంలోనే పాఠం చెప్పాలి, తోటి టీచర్ వెనక కూర్చుని వినాలి. వినాల్సింది టీచర్ మాటల్ని కాదు, పిల్లలు ఏమంటున్నారో. మళ్లీ కలిసినప్పుడు ఆ మాటల మీదే చర్చ. దీనికి ఖర్చేమీ లేదు, కావాల్సింది టైమ్. టీచర్ టైమ్‌టేబుల్‌లో ఆ టైమ్ ఇవ్వని శిక్షణను నేను శిక్షణ అనను.

శిక్షణ తర్వాత రిపోర్టులో అడిగేవి కూడా మారాలి. క్లాసు ఫొటోలు పంపమంటారు, పిల్లల ముఖాలు స్పష్టంగా కనబడాలంటారు. అవి ఏ గ్రూపులో పడి ఎక్కడికి వెళతాయో ఎవరికీ పట్టదు. సాక్ష్యం కావాలంటే పిల్లలు రాసిన జవాబుల పేజీ పెట్టండి, పేరు కనబడకుండా. అందులో ముఖం కన్నా ఎక్కువ సమాచారం ఉంటుంది.

టెక్నాలజీని బాధ్యతగా వాడటం అన్నప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఈ పరికరం పిల్లల గురించి ఏం అడుగుతోంది? ఫెట్ సిమ్యులేషన్ నడపడానికి లాగిన్ అక్కర్లేదు. పిల్లల పేరు, ఫోన్ నంబర్, పుట్టిన తేదీ ఏదీ అడగదు. ఇది చాలా పెద్ద సుగుణం. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 49 దేశాల్లో కరోనా కాలంలో వాడిన ఆన్‌లైన్ చదువు యాప్‌లను, సైట్లను పరిశీలించింది. వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చేలా డేటాను వాడుతున్నట్టు కనబడిందని చెప్పింది. యునెస్కో 2023 నివేదిక ప్రకారం విద్యారంగంలో డేటా గోప్యతకు చట్టంలో స్పష్టంగా హామీ ఇచ్చిన దేశాలు 16 శాతమే. చట్టం వచ్చేదాకా ఆగలేం కదా. పిల్లల పేర్లతో ఖాతాలు తెరవమనే యాప్ ఎదురైతే, అవి లేకుండా అదే పాఠం చెప్పే దారి ఉందా అని ముందు చూడండి.

ఏఐ గురించి ఎలాగూ అడుగుతారు. సర్క్యూట్ల మీద ప్రశ్నలు తయారుచేయడానికి చాట్‌బాట్‌ను వాడొచ్చు, పని తేలికవుతుంది. కానీ ప్రతి ప్రశ్ననూ మీరు చేసి చూసుకోవాలి. తప్పు జవాబును కూడా ఒప్పు జవాబంత ధీమాగానే ఇస్తుంది. ఇక్కడ సిమ్యులేషన్ పక్కనే ఉంది కాబట్టి జవాబును కట్టి సరిచూసుకోవచ్చు, పిల్లలతో కూడా సరిచూపించవచ్చు. విద్యార్థుల పేర్లు, మార్కులు మాత్రం అందులో ఎప్పుడూ పెట్టకండి. పిల్లలే నేరుగా వాడటం గురించి యునెస్కో 2023 మార్గదర్శకాలు కనీస వయసు 13 ఉండాలంటున్నాయి. నా మటుకు నేను, ఊహించి రాసే దశలో ఏ వయసు పిల్లలకైనా చాట్‌బాట్ ఇవ్వను. తప్పయినా సరే, ఆ ఊహ వాళ్లదే కావాలి.

మొత్తానికి, కరెంటు పాఠం చెప్పే ఏ టీచర్‌కైనా ఈ సిమ్యులేషన్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. చూపు సరిగా లేని పిల్లలు క్లాసులో ఉంటే ముందుగా ఫెట్ సైట్‌లో చూసుకోండి. కీబోర్డుతో నడపడం, శబ్దాలు, మాటల్లో వివరణ లాంటి సౌకర్యాలు కొన్ని సిమ్యులేషన్లలోనే ఉన్నాయి, అన్నిట్లో ఒకేలా లేవు.

తర్వాతి వీడియోలో గణితం నేర్పడానికి వాడే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్‌ను ఇదే పద్ధతిలో చూస్తాను. పాఠం త్రిభుజం కోణాల మొత్తం. ఆ పాఠం చెప్పేటప్పుడు మీ పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో, ఏమంటున్నారో వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. వీడియోను ఆ తడబాటు దగ్గర్నుంచే మొదలుపెడతాను.