మళ్లీ రాయాలా? ముందు పోయిన మార్కులు లెక్కపెట్టండి

పిల్లలకూ, తల్లిదండ్రులకూ నమస్కారం.

మెడికల్ ఎంట్రన్స్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ ఇళ్లలో ఒకటే మాట నలుగుతుంది: "ఇంకో ఏడాది కూర్చుంటే వస్తుందా?" దీనికి అక్కడికక్కడే అవుననో కాదనో చెప్పేసేవాళ్ల మాట మీద ఏడాది పెట్టకండి. వచ్చిన మార్కులు చూసి తేల్చే విషయం కాదిది. పోయిన మార్కులు ఎందుకు పోయాయో చూడాలి. 450 వచ్చిన ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే, ఒకరికి తప్పకుండా రాయమనీ ఇంకొకరికి వద్దనీ చెప్పాల్సి రావచ్చు.

ముందు నిబంధనల సంగతి తేల్చేసుకుందాం. కొందరికి జవాబు అక్కడే దొరుకుతుంది. నీట్‌కి ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, గరిష్ఠ వయసూ లేదు. ఏ ఏటి స్కోరు ఆ ఏటి ప్రవేశాలకే. పోయినసారి తక్కువొచ్చిందన్నది ఈసారి అడ్డు కాదు. బ్రిటన్‌లో చాలా మెడికల్ స్కూళ్లు అడిగే యూక్యాట్‌ని ఒక ప్రవేశ సంవత్సరానికి ఒక్కసారే రాయనిస్తారు. అమెరికాలో మెడికల్ కాలేజీలు అడిగే ఎంక్యాట్ సంగతి పూర్తిగా వేరు. ఒక ఏడాదిలో 3 సార్లు, వరుసగా రెండేళ్లలో 4 సార్లు, జీవితం మొత్తంలో 7 సార్లు, అంతే. పేరు నమోదు చేసుకుని హాజరు కాకపోయినా, రాసి చివర్లో స్కోరు వద్దని రద్దు చేసుకున్నా అదీ లెక్కలోకి వస్తుంది. పైగా తర్వాతి దరఖాస్తులో పాత స్కోర్లు కూడా కాలేజీల కంట పడతాయి. కాబట్టి "ఊరికే ఒకసారి చూసొద్దాం" అనే పద్ధతి నీట్‌లో నష్టం చేయదు గానీ ఎంక్యాట్‌లో చేస్తుంది. ఎంక్యాట్ స్కోరు రావడానికి దాదాపు నెల పడుతుంది, అక్కడ చాలా కాలేజీలు దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టే పరిశీలిస్తాయి. 3, 4 పాయింట్ల కోసం ఆలస్యంగా మళ్లీ రాసి, దరఖాస్తునే వెనక్కి నెట్టుకుంటే మిగిలేది తక్కువ.

ఇక మార్కుల విషయం. పోయిన ఏడు కటాఫ్ పెట్టుకుని ఈ ఏటి మార్కులతో పోల్చడం చాలామంది చేసే పొరపాటు. 2024 నీట్ సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో పేపర్ కఠినంగా ఉండి, మొదటి ర్యాంకు మార్కులే 686 దగ్గర ఆగిపోయాయి. ఒక్క ఏడాది తేడాలో అదే మార్కుకి అర్థం అంతలా మారిపోయింది. అందుకని మార్కుని మార్కుతో పోల్చకండి, ర్యాంకుని ర్యాంకుతో పోల్చండి. మీకు కావలసిన సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో, మీరు ఎక్కడున్నారో చూసుకోండి. ఆ దూరమే మీరు దాటాల్సినది.

ఇంకో సంగతి. ఏ పరీక్షా మన చదువుని తూకం వేసినట్టు కచ్చితంగా కొలవలేదు. ఎంక్యాట్ నిర్వాహకులే మొత్తం స్కోరుకి అటూ ఇటూ 2 పాయింట్ల పట్టీ చూపిస్తారు. 508 వచ్చిందంటే 506 నుంచి 510 మధ్య ఎక్కడో ఉన్నట్టు. ఏమీ మార్చకుండా మళ్లీ రాసినా స్కోరు కాస్త పెరగొచ్చు, కాస్త తగ్గనూ వచ్చు. ఆ ఊగిసలాటని నమ్ముకుని ఏడాది పెట్టకూడదు.

మరి దేన్ని నమ్మాలి? పరీక్షకు ముందు రాసిన చివరి 5 మాక్ టెస్టులు తీయండి. అవి ముందెన్నడూ చూడని పేపర్లయి ఉండాలి, ఒకే విడతలో, పూర్తి సమయం పెట్టి రాసినవయి ఉండాలి. సగం చూసేసిన పాత పేపర్‌కి వచ్చిన మార్కుని లెక్కలోకి తీసుకోకండి. మధ్యలో ఫోన్ చూసుకుంటూ రాసినది కూడా వద్దు. ఆ 5 సగటు అసలు మార్కు కంటే బాగా ఎక్కువుంటే, చదువు ఉంది, పరీక్ష హాల్లో ఏదో జరిగింది. నిద్రో, జ్వరమో, కంగారో, ఒక సెక్షన్‌లో ఇరుక్కుపోవడమో. అది సరిదిద్దగలిగిందైతే మళ్లీ రాయడంలో అర్థముంది. సగటూ అసలు మార్కూ ఒకేచోట ఉంటే మాత్రం, "ఆ రోజు బాగోలేదు" అని సర్దిచెప్పుకోకండి. ప్రస్తుతానికి మీ చదువు అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు పని. ప్రశ్నపత్రం, మీ జవాబులు, ఆన్సర్ కీ ముందేసుకోండి. ఎంక్యాట్‌లాగా పేపర్ చేతికివ్వని పరీక్షలైతే చివరి మాక్ టెస్టుల మీద ఇదే చేయాలి. పరీక్షయిన 10 రోజుల్లోపే చేస్తే మంచిది. ఆ తర్వాత ఏ జవాబు ఎందుకు పెట్టామో గుర్తుండదు.

తప్పయిన ప్రతి ప్రశ్ననీ కీ చూడకుండా, గడియారం పెట్టకుండా మళ్లీ చేయండి. చేశాక పక్కన ఒక అక్షరం వేయండి. ఇప్పుడూ రాకపోతే "తె", అంటే తెలియదు. రెండు ఆప్షన్ల మధ్య ఇప్పటికీ ఊగుతుంటే "అ", అరకొరగా తెలుసు. సులువుగా వచ్చేస్తే అప్పుడెందుకు తప్పిందో చూడండి. ప్రశ్న సరిగా చదవకపోయినా, లెక్కలో జారినా "పొ", పొరపాటు. చివరి అరగంటలో ఉరుకులు పరుగుల మీద పెట్టినదైతే "తొ", తొందర.

తర్వాత ఎవరూ చేయని పని ఒకటుంది. సరైన జవాబుల్లోకి కూడా వెళ్లి, ఊహించి పెట్టగా తగిలినవాటికి "అదృష్టం" అని రాయండి. అవి వచ్చే ఏడాది మీతో రావు.

అక్షరాలు వేసేటప్పుడు మీకు మీరే ఉదారంగా ఉండకండి. రెండు ప్రశ్నలు దగ్గరగా చూద్దాం.

గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారుకి బ్రేక్ వేస్తే, గడిచే ప్రతి సెకనుకీ వేగం సెకనుకి 5 మీటర్ల చొప్పున తగ్గుతోంది, ఎంత దూరంలో ఆగుతుంది? 72ని సెకనుకి మీటర్లలోకి మారిస్తే 20. సూత్రం ప్రకారం దాని వర్గం 400ని, వేగం తగ్గే రేటుకి రెట్టింపుతో, అంటే రెండు అయిదులు 10తో భాగిస్తే 40 మీటర్లు. ఇందులో కుర్రాడు 72నే సూత్రంలో పెట్టేస్తాడు. 5184ని 10తో భాగిస్తే 518.4 వస్తుంది. ఆప్షన్లలో అది లేదు. మళ్లీ చేస్తాడు, మళ్లీ అదే. 3 నిమిషాలు పోయాక ఏదో ఒకటి పెట్టి ముందుకు పోతాడు. తర్వాత నోట్‌బుక్‌లో "అజాగ్రత్త" అని రాసుకుంటాడు. ఆ మాట దేనికీ పనికిరాదు, రేపు ఏం మార్చాలో అది చెప్పదు. "యూనిట్ మార్చకుండా సూత్రంలోకి వెళ్లాను" అని రాస్తే, సూత్రం రాయకముందే ఇచ్చిన ప్రతి సంఖ్య పక్కనా యూనిట్ రాసే అలవాటు మొదలవుతుంది. ఆ తప్పు వల్ల తర్వాతి రెండు మూడు ప్రశ్నల సమయం కూడా పోయిందని గమనించండి. చివర్లో కనిపించే "తొ" చాలావరకు ముందు జరిగిన "పొ" కన్న పిల్లే.

రెండోది జన్యుశాస్త్రం నుంచి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక అంతర్గత (రిసెసివ్) జబ్బుకి వాహకులు, అంటే ఆ జన్యువు ఒకటి మోస్తున్నా వాళ్లకి జబ్బు లేదు. వాళ్లకి పుట్టిన పిల్లాడికి జబ్బు లేదు. అతను వాహకుడయ్యే సంభావ్యత ఎంత? చాలామంది సగం అని పెడతారు. నాలుగు గళ్ల పట్టిక గీస్తే వాహకులు రెండు గళ్లలో ఉన్నారు, నిజమే. కానీ జబ్బు లేదని ప్రశ్నలోనే చెప్పాడు కాబట్టి ఒక గడి కొట్టేయాలి. మిగిలిన మూడింట్లో రెండు, అంటే 2/3. కీ చూడగానే "అయ్యో, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. తెలియదు. పట్టిక తెలుసు, షరతు పెడితే ఏం మారుతుందో తెలియదు. దీన్ని "పొ"లో వేస్తే మీ లెక్క మొత్తం తప్పుతుంది. ఇది "అ".

ఇప్పుడు లెక్క కడదాం. నీట్ పద్ధతిలో 180 ప్రశ్నలు, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. ఒక తప్పు ఒప్పుగా మారితే లాభం 4 కాదు, 5. వదిలేసింది ఒప్పయితే 4. తప్పు పెట్టబోయింది వదిలేస్తే 1. ఉదాహరణకి ఒకరు 170 చేసి, 124 ఒప్పు, 46 తప్పు, 10 వదిలేశారనుకుందాం. 496లోంచి 46 తీసేస్తే 450. ఆ 46లో "తె" 14, "అ" 11, "పొ" 9, "తొ" 12. ఒప్పుల్లో అదృష్టం 10.

అన్నీ సరిచేసుకుంటామని రాసుకోకండి, సుమారు సగం పట్టుకోండి. "పొ" నుంచి 4 తిరిగొస్తే 20 మార్కులు, "తొ" నుంచి 6 వస్తే 30, "అ" నుంచి 5 వస్తే 25. "తె"లో అసలు చదవని పాఠాలవే ఎక్కువైతే, ఏడాదిలో అవి చదువుతారు కాబట్టి 8 వస్తాయనుకుందాం, 40. వదిలేసిన పదిలో 4 వస్తే 16. మొత్తం 131. ఇందులోంచి అదృష్టం పదిలో సగం పోతాయనుకుని 25 తీసేయండి. నికరంగా 106. అంటే 556 దగ్గరికి చేరే అవకాశం ఉన్న మనిషి. కావలసిన ర్యాంకుకి ఆ మార్కు సరిపోయేలా ఉంటే రాయొచ్చు. పక్కనున్న ఇంకో 450ని చూడండి. అతని 46 తప్పుల్లో 38 "తె", అదీ చదవని పాఠాలు కాదు, రెండుసార్లు చదివినా రానివి. అతనికి ఇదే పుస్తకం, ఇదే పద్ధతి, ఇంకో ఏడాది అంటే న్యాయం కాదు. పద్ధతి మారుతుందని ముందు రుజువవ్వాలి.

రెండోసారి రాసినవాళ్లు ఎందుకు దెబ్బతింటారో చెప్పుకోవాలి. మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెడతారు. తెలిసిన పాఠం చదువుతుంటే సుఖంగా ఉంటుంది, పేజీలు గబగబా తిరుగుతాయి, బాగా సాగుతోందనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు పదేపదే చదివారు, కొందరు ఒక విడత చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే పదేపదే చదివినవాళ్లకి 83 శాతం, రాసినవాళ్లకి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్లకి 40, రాసినవాళ్లకి 61. మళ్లీ చదవడం వల్ల వచ్చే నమ్మకం వారానికే ఎలా కరిగిపోతుందో ఈ అంకెల్లో ఉంది.

అందుకే మేం ఎవరికైనా చెప్పేది ఇది: నిర్ణయానికి ముందు 3 వారాల పరీక్ష మీకు మీరే పెట్టుకోండి. "తె", "అ" ఎక్కువున్న పాఠాలు మూడు ఎంచుకోండి. నచ్చినవి వద్దు, మార్కులు పోయినవే. ఒక్కో దాని మీద ముందెప్పుడూ చేయని 30 ప్రశ్నలు టైమ్ పెట్టి చేసి, మార్కు రాసి పక్కన పెట్టండి. తర్వాత రెండు వారాలు రోజూ పుస్తకం మూసి రాయడం, రాలేదని తేలినంత మేరకే తెరిచి చూడడం, మర్నాడు మళ్లీ మూసి రాయడం. మూడో వారం ఆ పాఠాలు ముట్టుకోకండి. వారం చివర మళ్లీ కొత్త 30 ప్రశ్నలు, అదే టైమ్. 30కి 13 నుంచి 20, 21కి వచ్చి, వారం ఖాళీ తర్వాత కూడా అక్కడే నిలబడితే మీ "తె" తగ్గేదే. 13 నుంచి 14కి వస్తే, ఆ పద్ధతిలో ఏడాది కూర్చున్నా అంతే. మూడు వారాలూ రోజూ కూర్చోలేకపోతే అదీ ఒక ఫలితమే, దాన్నీ రాసుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలసిపోయిన పిల్లలకి ముందు విశ్రాంతి కావాలి.

ఈ మూడు వారాల్లో చేతిలో ఉన్న వేరే కోర్సు సీటుని వదులుకోకండి. దాని గడువు తేదీ కాగితం మీద అన్నిటికంటే పైన ఉండాలి. నిర్ణయం ఆ తేదీకి ముందే పూర్తయ్యేలా లెక్క మొదలుపెట్టండి.

మూడోసారి రాయాలనుకునేవాళ్లకి కొలత ఇంకా కఠినంగా ఉండాలి. మొదటిసారికీ రెండోసారికీ ర్యాంకు ఎంత కదిలిందో, ఏ అక్షరం తగ్గిందో చూడండి. "తె" సగానికి తగ్గి, "పొ", "తొ" అలాగే ఉంటే పాఠాలు వచ్చేశాయి, హాల్లో రాసే పద్ధతి రాలేదు. దానికి క్లాసులు అక్కర్లేదు. వారానికి ఒకటి రెండు పూర్తి పేపర్లు పరీక్ష జరిగే వేళకే రాసి, ఒక్కో దాన్నీ ఇలా విప్పి చూడటం కావాలి. పద్ధతి నిజంగా మార్చాక కూడా రెండుసార్లకీ అక్షరాల లెక్క కదలకుండా ఉంటే, మేమైతే రాయమని చెప్పం.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ కాగితం మీ పిల్లల చేతే వేయించండి, మీరు వేయకండి. ఏ తప్పుకి ఏ అక్షరమో వాళ్లకే తెలుసు. పక్కన కూర్చుని "ఇది తెలుసు కదరా, ఎలా పోయింది?" అని మీరన్న మరుక్షణం "తె"లన్నీ "పొ"లైపోతాయి. వాళ్లని గదిలో వదిలి, రెండు రోజులు సమయమిచ్చి, పూర్తయ్యాక చూపించమని అడగండి. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, మొదటి 20 ప్రశ్నలు ఇక్కడే కలిసి చూద్దాం.