విన్స్ యంగ్ నుంచి ఆర్చ్ మానింగ్ దాకా: లాంగ్‌హార్న్స్ క్వార్టర్‌బ్యాక్‌ని దేంతో కొలవాలి?

నమస్తే అండి. ఇవాళ మాట అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ గురించి, టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) టీమ్ లాంగ్‌హార్న్స్ గురించి. వెనకాల కనిపిస్తున్నది ఆస్టిన్‌లోని డారెల్ కె. రాయల్ టెక్సస్ మెమోరియల్ స్టేడియం. 1,00,119 మంది పడతారు. శనివారం ఆట ఉందంటే పొద్దున్నుంచే ఊరంతా కాలిన ఇటుక రంగు చొక్కాలు. సీడార్ పార్క్, లియాండర్, రౌండ్ రాక్ వైపు ఉన్న మనవాళ్ల ఇళ్లల్లో కూడా, పిల్లలు యూటీలో చదువుతున్నారంటే, టీవీ ముందు ఇదే వాదన: ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌లలో విన్స్ యంగ్ గొప్పా, కోల్ట్ మెకాయ్ గొప్పా, ఇప్పటి ఆర్చ్ మానింగ్ వాళ్లంతటివాడేనా?

వాదనలోకి దిగేముందు ఇక్కడి విగ్రహాలు చూడండి. ఎర్ల్ క్యాంప్‌బెల్, రికీ విలియమ్స్. ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చేది హైస్మన్ ట్రోఫీ. టెక్సస్‌కి వచ్చినవి రెండే, 1977లో ఒకటి, 1998లో ఒకటి. ఇద్దరూ రన్నింగ్ బ్యాక్‌లే, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లే. ఇంత పేరున్న టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్‌కి ఒక్క హైస్మన్ కూడా లేదు. 2005లో విన్స్ యంగ్ రెండో స్థానం, 2008లో కోల్ట్ మెకాయ్ రెండో స్థానం. అంతవరకే. జెర్సీ నంబర్లు మాత్రం ఇక ఎవరికీ ఇవ్వకుండా రిటైర్ చేశారు: బాబీ లేన్ 22, విన్స్ 10, కోల్ట్ 12.

ఆట కొత్తవాళ్లకి రెండు ముక్కల్లో: నాలుగు ప్రయత్నాల్లో 10 యార్డులు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. బంతి ముందు చేతికొచ్చేది క్వార్టర్‌బ్యాక్‌కి. విసరాలా, పక్కవాడికి ఇవ్వాలా, తనే పరిగెత్తాలా అన్నది మూడు సెకన్లలో తేల్చుకోవాలి.

ఇక కొలత సంగతి. టీవీలో అందరి పేరు పక్కనా ఒక 'పాసర్ రేటింగ్' వేస్తారు కదా, అందులో మాయేం లేదు, చేత్తోనే వేసుకోవచ్చు. వచ్చిన పాసింగ్ యార్డులని 8.4తో గుణించండి. టచ్‌డౌన్ పాస్‌లని, అంటే గోల్ గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చినవాటిని, 330తో గుణించి కలపండి. పట్టుబడిన పాస్‌లని 100తో గుణించి కలపండి. ఇంటర్‌సెప్షన్లని, అంటే అవతలి టీమ్ పట్టేసిన పాస్‌లని, 200తో గుణించి తీసేయండి. మొత్తాన్ని విసిరిన పాస్‌ల సంఖ్యతో భాగించండి. ఇది కాలేజీ సూత్రం. ప్రొఫెషనల్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ది వేరు, అక్కడ 158.3 దాటదు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఆ లెక్క మొదట్లోనే తప్పు.

ఇప్పుడు ఒక ఆట మీద వేసి చూద్దాం. 2006 జనవరి 4, పసడీనాలో రోజ్ బౌల్, అదే ఆ ఏటి జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట, టెక్సస్ 41, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) 38. విన్స్ యంగ్ 40 విసిరాడు, 30 పట్టుబడ్డాయి, 267 యార్డులు, టచ్‌డౌన్ పాస్ లేదు, ఇంటర్‌సెప్షన్ లేదు. 267ని 8.4తో గుణిస్తే 2,242.8. దానికి 3,000 కలిపితే 5,242.8. నలభైతో భాగిస్తే 131.

అవతల యూఎస్‌సీ క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ లైనర్ట్. 40కి 29, 365 యార్డులు, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్. 3,066 ప్లస్ 330 ప్లస్ 2,900 మైనస్ 200, అంటే 6,096. నలభైతో భాగిస్తే 152.4.

చూశారా? ఓడినవాడిది 152, గెలిచినవాడిది 131. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్ ఆడిన గొప్ప ఆటల్లో మొదటి వరసలో చెప్పుకునే ఆట అది. మరి తేడా ఎక్కడికి పోయింది? కాళ్లలోకి పోయింది. ఆ రాత్రి విన్స్ 19 సార్లు పరిగెత్తి 200 యార్డులు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఈ సూత్రంలో పరుగుకి గది లేదు. స్ట్రైక్ రేట్ ఒక్కటే చూసి ఆల్‌రౌండర్‌ని తూచినట్టు ఉంటుంది వ్యవహారం.

పైగా ఇంకో మెలిక. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ని వెనకే పట్టి పడేస్తే, అంటే శాక్ చేస్తే, పోయిన యార్డులు అతని పరుగు ఖాతాలోంచే కోస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కోయరు. అందుకే కాలేజీలో బాగా పరిగెత్తేవాడి పరుగు కూడా కాగితం మీద అసలుకంటే తక్కువే కనబడుతుంది. 2009లో బిగ్ 12 అనే లీగ్ ఫైనల్ గుర్తుందా, నెబ్రాస్కా మీద 13-12? నెబ్రాస్కా డిఫెండర్ ఎన్‌డామకోంగ్ సూ ఒక్కడే కోల్ట్‌ని నాలుగున్నర సార్లు శాక్ చేశాడు. ఆ అర ఏమిటంటే, ఇద్దరు కలిసి పడేస్తే చెరిసగం. ఆ యార్డులన్నీ కోల్ట్ పరుగు ఖాతాకే చిల్లు. చివరికి గడియారంలో ఒక్క సెకను వెనక్కి వేసి ఇస్తే, హంటర్ లారెన్స్ 46 యార్డుల ఫీల్డ్ గోల్ కొట్టి, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యకి పంపి, గెలిపించాడు.

సరే, విన్స్ కాళ్ల దగ్గరకి వద్దాం. అసలు మజా అక్కడే.

2005 టీమ్ ఊపిరి జోన్ రీడ్ అనే ప్లే, అంటే ముందే అనుకున్న ఎత్తుగడ. క్వార్టర్‌బ్యాక్ తనకి బంతి అందించే సెంటర్‌కి ఐదు యార్డులు వెనక నిలబడతాడు, పక్కన రన్నింగ్ బ్యాక్. బంతి రాగానే ముందు వరసలోని ఐదుగురూ ఒకే దిక్కుకి కదులుతారు, అవతలి చివర ఉన్న ప్రత్యర్థిని, డిఫెన్సివ్ ఎండ్ అంటారు, మాత్రం కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, చూపు ఆ ఎండ్ భుజాల మీద నిలుపుతాడు. భుజాలు లోపలికి తిరిగాయా, బంతి లాక్కుని బయటినుంచి తనే పరుగు. భుజాలు తిన్నగా తనవైపే ఉన్నాయా, బంతి వదిలెయ్యడమే. అడ్డుకోకుండానే ఒక మనిషిని ఆటలోంచి తీసేయడం అన్నమాట.

ఇందులో చెడేవి రెండు. ఒకటి, నిర్ణయం అర సెకను ఆలస్యమైతే బంతి ఇద్దరి చేతుల మధ్యా ఇరుక్కుని కింద పడుతుంది. రెండోది, డిఫెన్స్ వేసే ఎర. ఎండ్ కావాలనే లోపలికి దూకుతాడు, క్వార్టర్‌బ్యాక్ బంతి ఉంచుకుంటాడు, అదే టైముకి డిఫెన్స్ వెనక వరసలోని లైన్‌బ్యాకర్ చుట్టూ తిరిగొచ్చి బయట కాపు కాస్తాడు. మామూలువాడైతే అక్కడ రెండు యార్డులకే దొరికిపోతాడు. ఆరడుగుల ఐదంగుళాల విన్స్ ఒక్కో అడుగుకి నేల మింగేస్తూ వెళ్తుంటే, ఆ లైన్‌బ్యాకర్ ఎంత తొందరపడ్డా సమయానికి చేరలేకపోయేవాడు. పాఠం ప్రకారం తప్పు నిర్ణయం కూడా అతని దగ్గర ఎనిమిది యార్డులయ్యేది.

రోజ్ బౌల్‌ని గెలిపించిన ఆ చివరి ప్లే మాత్రం జోన్ రీడ్ కాదండి. చాలామంది అదే అనుకుంటారు. నాలుగో ప్రయత్నం, ఐదు యార్డులు కావాలి, వెనకబడి ఉన్నది ఐదు పాయింట్లు. అది పాస్ ప్లే. వెనక్కి తగ్గాడు, చూశాడు, విసరడానికి మనిషి దొరకలేదు, కుడివైపు గీత పట్టుకుని మూలకి పరిగెత్తాడు. 19 సెకన్లు మిగిలాయి. టచ్‌డౌన్ తర్వాత అదనంగా దొరికే అవకాశం, రెండు పాయింట్ల కన్వర్షన్, అది కూడా తనే పరిగెత్తి వేశాడు. అలా 41.

ఆ సీజన్ మొత్తం మీద విన్స్ 3,036 పాసింగ్ యార్డులు, 1,050 పరుగు యార్డులు. ఒకే సీజన్లో మూడు వేలూ వెయ్యీ కలిపి దాటినవాడు అంతకుముందు లేడు. స్టార్టర్‌గా, అంటే మొదటినుంచి దిగిన ఆటల్లో, 30 గెలుపులు, 2 ఓటములు.

కోల్ట్ మెకాయ్ అచ్చం దీనికి ఎదురు. అబిలీన్ దగ్గర టస్కోలా అనే చిన్న ఊరి కుర్రాడు. 2008లో 433 విసిరి 332 పట్టించాడు, 76.7 శాతం, అప్పటికి కాలేజీ రికార్డు. 3,859 యార్డులు, 34 టచ్‌డౌన్లు, 8 ఇంటర్‌సెప్షన్లు. సూత్రంలో వేసుకోండి, 173.8 వస్తుంది. విన్స్ 2005ది దాదాపు 164. అయితే కోల్ట్ పది పాయింట్లు మెరుగా?

ఇక్కడే ఇంకో గడి గీయాలి: విసిరిన ఒక్కో పాస్‌కి ఎన్ని యార్డులు. కోల్ట్‌ది 8.9, విన్స్‌ది 9.3. అంటే విన్స్ తక్కువ పట్టించినా, పట్టించినప్పుడు దూరం కొట్టాడు. రన్నింగ్ బ్యాక్ మీద భయంతో డిఫెన్స్ ముందుకి జరిగేది, వెనక ఖాళీ దొరికేది. 2008 టీమ్‌కి ఆ భయపెట్టే రన్నింగ్ బ్యాక్ లేడు. పరుగులో కూడా ఆ ఏడాది టీమ్‌లో టాప్ కోల్టే, 561 యార్డులు. కాబట్టి కోచ్‌లు పరుగు ఆట చేయాల్సిన పనిని పొట్టి పాస్‌లతో చేయించారు. పాస్‌లు పట్టే జోర్డన్ షిప్లీకి అయిదారు యార్డులు విసిరేయడం, మిగతాది అతను చూసుకోవడం. శాతం పెరిగింది అందుకే. ఇది కోల్ట్‌ని తగ్గించడం కాదు. అయిదు యార్డుల పాస్‌ని పరిగెడుతున్నవాడి ముందు భుజానికి ఏడాదంతా తప్పకుండా వేయడం చాలామందికి చేతకాదు. వెనక భుజానికి వెళ్లిందా, వాడు ఆగి పట్టాలి, ఆ తర్వాతి పది యార్డులు పోయినట్టే.

కోల్ట్‌వి 45 గెలుపులు, అది కూడా అప్పటికి రికార్డు. కానీ 2010 జనవరి 7న అలబామాతో ఛాంపియన్‌షిప్ ఆటలో బంతి చేతికొచ్చిన మొదటి విడత (డ్రైవ్)లోనే అలబామా ఆటగాడు మార్సెల్ డేరియస్ దెబ్బకి భుజంలో నరం నొక్కుకుని చెయ్యి పనిచేయలేదు. టెక్సస్ 37-21తో ఓడింది. ఆ ఓటమిని కోల్ట్ ఖాతాలో వేసేవాళ్లతో వాదించకండి, దండగ.

ఇంకా వెనక్కి వెళ్తే జేమ్స్ స్ట్రీట్. 1968, 69ల్లో స్టార్టర్‌గా 20 ఆటలు, 20 గెలుపులు. అది విష్‌బోన్ అనే పరుగు ఎత్తుగడ కాలం, పాస్ అంటే పండగకో పబ్బానికో. ఆయన మీద పాసర్ రేటింగ్ వేయడమే అన్యాయం. 1969 డిసెంబర్ 6న ఫయెట్‌విల్‌లో ఆర్కాన్సా మీద, నాలుగో ప్రయత్నం, మూడు యార్డులు కావాలి, అందరూ పరుగే అనుకుంటున్నప్పుడు 44 యార్డుల పాస్ ర్యాండీ పెషెల్‌కి. 15-14. పాత లెక్కలు చూసేవాళ్లకి ఇంకొక్క మాట: సీజన్ చివర ఆడే బౌల్ ఆటల అంకెలు అధికారిక సీజన్ లెక్కలో కలవడం 2002 నుంచే. అంతకుముందువాళ్ల మొత్తాలు ఆ మేరకు చిన్నవే.

శామ్ ఎలింగర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆస్టిన్ వెస్ట్‌లేక్ కుర్రాడు, 2018లో వరుసగా 308 పాస్‌లు ఇంటర్‌సెప్షన్ లేకుండా విసిరాడు. గోల్ గీత దగ్గర ఎద్దులా దూసుకెళ్లేవాడు. దూరపు పాస్ మాత్రం గాలిలో కాస్త ఎక్కువసేపు ఉండేది.

క్విన్ యూవర్స్ సౌత్‌లేక్ క్యారల్ హైస్కూల్. కాపెల్, ఇర్వింగ్ వాళ్లకి పక్కూరే కాబట్టి డాలస్ మనవాళ్లకి బాగా తెలిసిన పేరు. చెయ్యి పక్కగా తిప్పి, కళ్లు మూసి తెరిచేలోగా బంతి వదిలేస్తాడు. 2023లో అలబామా గడ్డ మీద 34-24, అందులో 349 యార్డులు, మూడు టచ్‌డౌన్లు. 2024లో 31 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు, ఒక్కో పాస్‌కి 7.8. చోటు చిక్కకపోతే కాళ్లతో బయటపడే గుణం లేదు, అదే లోటు.

2025 జనవరి 10, ఒహాయో స్టేట్‌తో సెమీఫైనల్ దీనికి మంచి ఉదాహరణ. గోల్ ఒక్క యార్డు దూరం. పక్కన పరిగెత్తేవాడికి బంతి విసిరిచ్చి ఏడు యార్డులు పోగొట్టుకున్నారు. నాలుగో ప్రయత్నం ఎనిమిది యార్డుల నుంచి, ఒహాయో స్టేట్ డిఫెండర్ జాక్ సాయర్ వచ్చి యూవర్స్ చేతిలో బంతి కొట్టేసి 83 యార్డులు పరిగెత్తాడు. 28-14. ఆ ఏడు యార్డులు కోచ్ పిలిచిన ప్లే ఖాతా. బంతి చేతిలోంచి జారడం యూవర్స్ ఖాతా. రెండూ కలిపి ఒకడి నెత్తిన రుద్దితే లెక్క తేలదు.

ఇక ఆర్చ్ మానింగ్. ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్‌ల ఇంటివాడు: ఆర్చీ మానింగ్ మనవడు, పేటన్, ఈలైలకి అన్న కొడుకు. 2025 సీజన్ మొదలవకముందే టీమ్‌ని ర్యాంకుల్లో నంబర్ వన్ చేసి కూర్చోబెట్టారు. మొదటి ఆట ఒహాయో స్టేట్ దగ్గర, 30కి 17, 170 యార్డులు, టచ్‌డౌన్ ఒకటి, ఇంటర్‌సెప్షన్ ఒకటి. రేటింగ్ 108.6. ఓటమి 14-7. ఆ ఆట మళ్లీ పెట్టి చూసేటప్పుడు బంతి చూడకండి, ముందు కాలు చూడండి. ఒత్తిడి వచ్చినప్పుడల్లా కాలు లక్ష్యం వైపు పడకుండా చెయ్యి పక్కకి జారుతోంది. అందుకే తేలిక పాస్‌లు కూడా పట్టేవాడి మోకాళ్ల దగ్గరకి దిగాయి. అక్టోబర్‌లో డాలస్ కాటన్ బౌల్‌లో ఓక్లహోమా మీద 27కి 21, 166 యార్డులు, గెలుపు 23-6. యార్డులు మొదటి ఆట కన్నా నాలుగు తక్కువే, కానీ కాలు నిలిచింది, బంతి భుజం ఎత్తులో వెళ్లింది.

నా వరస అడిగితే విన్స్, తర్వాత కోల్ట్, కాస్త దూరంగా యూవర్స్, ఎలింగర్. స్ట్రీట్‌ని ఈ వరసలో పెట్టను, ఆయనది వేరే ఆట. ఆర్చ్‌కి యూవర్స్ కంటే కాళ్లు ఎక్కువ, బంతి వదిలే వేగం తక్కువ.

మీరే ఇంట్లో లెక్క రాయాలనుకుంటే ఒక ఏ4 కాగితం, పెన్సిలు చాలు. గడులు ఏడు: విసిరినవి, పట్టినవి, యార్డులు, టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్లు, శాక్‌లో పోయిన యార్డులు, శాక్‌లు తీసేసిన పరుగు. ఒక్క చోట జాగ్రత్త. పక్కనుంచి పరిగెత్తుకొచ్చేవాడికి క్వార్టర్‌బ్యాక్ రెండు చేతులతో బంతిని అలా ముందుకి తోస్తాడు చూడండి, చూడ్డానికి చేతికిచ్చినట్టే ఉంటుంది, కానీ బంతి ముందుకి గాలిలో కదిలింది కాబట్టి అది పాస్. అదే బంతి అంగుళం వెనక్కి వెళ్తే పరుగు. అలాంటివి ఆటకి మూడు పడ్డాయంటే శాతం దానంతటదే పెరిగిపోతుంది. వాటికి పక్కన చిన్న చుక్క పెట్టుకోండి, చివర్లో చుక్కలు తీసేసి ఇంకోసారి భాగించండి.