ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు! పాత బైక్‌కి షాకులు కొనేముందు ఇది చూడండి

ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు. మళ్లీ చెప్తున్నా, గట్టిపడదు! (ప్రీలోడ్ అంటే షాకు మీది రింగు తిప్పి స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి పెట్టడం.) పాత బైకుల వెనక షాకబ్జర్ల మీద నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే. ఒకళ్లు "రింగు రెండు మెట్లు ఎక్కించు, సరిపోద్ది" అంటారు. ఇంకొకళ్లు "పక్కన గ్యాస్ డబ్బా ఉన్నవి వేయించు" అంటారు. మీ బరువుకి ఏ స్ప్రింగ్ కావాలో మాత్రం ఒక్కడూ అడగడు!

లెక్క చూడండి. ఒక స్ప్రింగ్‌ని మిల్లీమీటరు నొక్కడానికి 2 కిలోలు కావాలనుకుందాం. ప్రీలోడ్‌తో దాన్ని ముందే 10 మిల్లీమీటర్లు నొక్కి పెట్టారు. ఇప్పుడు 20 కిలోలు పడేదాకా అది కదలదు. కదిలాక? మళ్లీ మిల్లీమీటరుకి అవే 2 కిలోలు! బండి వెనక భాగం పైకి లేచింది, అంతే. అందుకే చివరి మెట్టులో పెట్టినా, ఇద్దరు ఎక్కి గుంతలో పడితే ఠప్పున అడుక్కి కొడుతుంది.

టేపు తీయండి. మెయిన్ స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో ఉండాలి. ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన, సీటు కింద ఒక గుర్తు పెట్టి ఆ దూరం కొలవండి. స్టాండ్ తీసి, బండి ఒక్కటే నిలబడ్డప్పుడు రెండోసారి. హెల్మెట్, జాకెట్‌తో మీరు కూర్చుని, ఇంకొకళ్లు హ్యాండిల్ పట్టుకోగా మూడోసారి. మొదటి కొలతకీ మూడో కొలతకీ తేడా, చక్రం మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు ఉండాలి. 90 మిల్లీమీటర్ల కదలికకి 27 నుంచి 30.

ఇక్కడే చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. ప్రీలోడ్ బాగా బిగించి ఆ 30 తెచ్చారు, కానీ బండి తన బరువుకి అసలు దిగట్లేదు (మొదటి, రెండో కొలతలు ఒకటే). "అబ్బో, స్ప్రింగ్ గట్టిది" అంటారు. కాదు, మెత్తది! మెత్తది కాబట్టే అంత ప్రీలోడ్ కావాల్సొచ్చింది. మీరు ఎక్కితే 30 సరిగ్గానే ఉండి, బండి ఒక్కటే 20 దాకా దిగిపోతుంటే, అదీ గట్టి స్ప్రింగ్.

ఆ గ్యాస్ డబ్బా సంగతి. చవక షాకులు చాలావాటిలో డబ్బాకీ లోపలి ఆయిల్‌కీ దారే ఉండదు, అది ఉత్త అలంకారం. నిజమైనదైతే ఆయిల్ నురగ కట్టకుండా కాపాడుతుంది, మంచిదే. కానీ స్ప్రింగ్ రేటు (ఒక మిల్లీమీటరు నొక్కడానికి పట్టే కిలోలు) ఎంతో చెప్పలేని షాకు ఎంత మెరిసినా కొనొద్దు. పాత షాకుకే గట్టి స్ప్రింగ్ ఎక్కిద్దామనీ చూడకండి. లోపల స్ప్రింగ్ ఊపుని అదుపు చేసే డ్యాంపింగ్ అరిగిపోయి ఉంటుంది, నొక్కుకున్న స్ప్రింగ్ వెనక్కి తన్ని సీటు మీంచి ఎగరేస్తుంది.

షాకు పొడవు కన్ను (రెండు చివర్లలో బోల్టు దూరే రంధ్రం) మధ్య నుంచి కన్ను మధ్యకి కొలవాలి, షాకు విప్పి, పూర్తిగా సాగి ఉన్నప్పుడు. "10 మిల్లీమీటర్లు పొడవైతే స్టైల్‌గా ఉంటుంది" అంటారు. కానీ వెనక భాగం లేచి ముందు ఫోర్క్ నిటారవుతుంది, వేగంలో హ్యాండిల్ తేలికై వణుకు మొదలవ్వచ్చు. సైడ్ స్టాండ్ మీద బండి మరీ వాలుతుంది, చైన్ స్వింగ్ ఆర్మ్‌కి (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) రాసుకోవచ్చు. బుష్ (కన్నులో ఉండే గొట్టం) లోపలి వ్యాసం, కన్ను వెడల్పు కూడా బోల్టుతో సరిచూడండి. వదులుగా ఉంటే వాషర్లతో నెట్టుకురావద్దు, సరైన స్లీవ్ (లోపల దూర్చే సన్న గొట్టం) వేయించండి.

బిగించేముందు ఒక పరీక్ష తప్పనిసరి. రెండు షాకులూ విప్పి, ఒకదానికి స్ప్రింగ్ తీసేసి అదొక్కటే తగిలించి, బంప్ రబ్బరు (షాకు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బరు) తాకేదాకా జాకీతో చక్రాన్ని పైకి లేపండి. టైరు మడ్‌గార్డ్‌కి తగలకూడదు. తర్వాత స్ప్రింగ్ వేసి, లావు స్ప్రింగ్ అయితే దానికీ చైన్ కవర్‌కీ మధ్య, దానికీ సైలెన్సర్‌కీ మధ్య వేలు దూరుతోందా చూడండి. షాకు తలకిందులుగా పెట్టొచ్చో లేదో తయారీదారు చెప్పింది చదవండి. ఆయిల్, గ్యాస్ ఒకే గదిలో కలిసి ఉండే రకాన్ని తప్పు వైపు తిప్పి బిగిస్తే పిస్టన్‌కి ఆయిల్ బదులు గ్యాస్ దొరకొచ్చు, డ్యాంపింగ్ పడిపోవచ్చు.

మీ మూడు కొలతలు, మీ బరువు, బండి మోడల్ కింద రాయండి. స్ప్రింగ్ మెత్తదో గట్టిదో అక్కడే తేల్చేద్దాం!