తిరుపతి బోరు నీళ్లకు ఏ పూల్ ఫిల్టర్, ఎంత మోటారు?

[దృశ్యం: చంద్రగిరి దారిలో మామిడి తోట పక్కన ఒక ఇల్లు. పెరట్లో నీలం టైల్స్ వేసిన పూల్. కెమెరా నీటి అంచుకు దగ్గరగా వెళ్తుంది. టైల్స్ మీద తెల్లటి పొర.]

నమస్కారమండీ. ఈ అంచున తెల్లగా, గరుగ్గా కనిపిస్తోంది చూడండి. గోటితో గీకినా రాదు. మన బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కాయిల్ మీద, కుళాయిల మీద పేరుకునేది కూడా ఇదే. నీళ్లలో ఉన్న కాల్షియం.

ఇంట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించుకునేవాళ్లు ముందు "ఎన్ని హెచ్‌పీ మోటారు పెట్టాలి?" అని అడుగుతారు. ముందు మీ బోరు నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కాల్షియం కాఠిన్యం లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల మధ్య ఉంటే పూల్‌కి ఇబ్బంది లేదు. అంతకు మించితే మోటారు, ఫిల్టర్, క్లోరిన్ అన్నీ ఆ అంకెను బట్టే ఎంచుకోవాలి.

[తెర మీద: 8 × 4 × 1.2 = 38.4]

ఇప్పుడు లెక్క. పూల్ పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, సగటు లోతు 1.2 అనుకుందాం. మూడూ గుణిస్తే 38.4 ఘనపు మీటర్లు, అంటే 38,400 లీటర్లు. ఇంటి పూల్‌లో ఈ నీళ్లన్నీ 6 నుంచి 8 గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా తిరిగి రావాలి. 38.4ను 6తో భాగిస్తే గంటకు 6,400 లీటర్లు. ముప్పావు హెచ్‌పీ, మహా అయితే 1 హెచ్‌పీ మోటారు చాలు.

అయినా కొటేషన్లలో 2 హెచ్‌పీ కనిపిస్తుంది. "పెద్దది పెడితే నీళ్లు ఇంకా బాగుంటాయి సార్" అంటారు. దీన్ని నేను గట్టిగా కాదంటాను. ఇసుక ఫిల్టర్‌లో నీళ్లు ఎంత నెమ్మదిగా దిగితే మురికి అంత బాగా ఆగుతుంది. వేగం పెరిగితే నీళ్లు ఇసుకలో దారులు చేసుకుని, సన్నటి మట్టిని కూడా తోసుకుంటూ మళ్లీ పూల్‌లోకే వస్తాయి. కరెంటు బిల్లు పెరుగుతుంది, నీళ్లు మాత్రం మసకగానే ఉంటాయి. ఆ డబ్బు ఫిల్టర్ మీద పెట్టండి. ఈ సైజు పూల్‌కి 500 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఫిల్టర్ సరిపోతుందన్నా, 600 మిల్లీమీటర్లది తీసుకోండి. మోటారుకి నీళ్లు లాగే పైపు 2 అంగుళాలకు తగ్గనివ్వకండి.

[దృశ్యం: పంపు గది. ఫిల్టర్ ట్యాంక్, పైన వాల్వ్, ప్రెషర్ మీటర్.]

ఇక్కడ ఒక చిక్కుంది. ఫిల్టర్‌ని కడగడానికి, అంటే బ్యాక్‌వాష్‌కి, నీళ్లు కింద నుంచి పైకి జోరుగా వెళ్లి ఇసుకను లేపాలి. 600 మిల్లీమీటర్ల ఫిల్టర్‌కి గంటకు దాదాపు 10,000 లీటర్ల జోరు కావాలి. రోజూ నెమ్మదిగా, కడిగేటప్పుడు జోరుగా. అందుకే వేగం మార్చుకునే వీలున్న మోటారు కొనమంటాను. ధర ఎక్కువే, కానీ వేగం సగానికి తగ్గిస్తే మోటారు తీసుకునే పవర్ లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెట్టింపు గంటలు నడిపినా కరెంటు నాలుగో వంతే. ఆచరణలో అంత పూర్తిగా రాకపోయినా, ఆదా పెద్దదే. మామూలు 1 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తింటుంది. రోజుకు 6 గంటలంటే నెలకు 180 యూనిట్లు. ఇంటి వాడకం మీద అది కలిస్తే స్లాబ్ మారిపోతుంది.

ఫిల్టర్‌లో వేసేది జల్లెడ పట్టిన సిలికా ఇసుక, రేణువు 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. స్వర్ణముఖి ఇసుక దగ్గర్లో దొరుకుతుంది కదా అని అది పోయకండి. అందులో బంకమట్టి ఉంటుంది, రేణువులు ఒక సైజులో ఉండవు.

కార్ట్రిడ్జ్ ఫిల్టర్ల గురించి, అంటే ఇసుక బదులు మడతలు పెట్టిన గుడ్డ ఉండేవాటి గురించి కూడా అడుగుతారు. వాటికి బ్యాక్‌వాష్ అక్కర్లేదు, తీసి హోస్ పైపుతో కడిగితే చాలు. నీళ్లు బాగా ఆదా అవుతాయి. కానీ కఠిన జలంలో దాని మడతల్లో కాల్షియం పట్టేస్తుంది, ఊరికే కడిగితే పోదు. మన దగ్గర ఇసుకే మేలని నా అభిప్రాయం.

[దృశ్యం: ప్రెషర్ మీటర్ ముల్లు దగ్గరగా. పక్కన మార్కర్‌తో గీసిన గీత.]

ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో మార్కర్‌తో గీత గీసుకోండి. అక్కడి నుంచి ప్రెషర్ 8-10 పీఎస్ఐ (మీటర్ మీద ఉండే ఒత్తిడి కొలత) పెరిగితే కడిగే సమయం వచ్చినట్టు. వారం వారం అలవాటుగా కడగడం వృథా, ఎందుకంటే ఒక్కో బ్యాక్‌వాష్‌కి దాదాపు 500 లీటర్లు పోతాయి. ముందు మోటారు ఆపండి. ఆపకుండా వాల్వ్ పిడి తిప్పితే లోపలి రబ్బరు చిరుగుతుంది. ఆపి, పిడిని బ్యాక్‌వాష్‌కి తిప్పి, మోటారు వేసి, గాజు గొట్టంలో నీళ్లు తేటబడేదాకా రెండు మూడు నిమిషాలు నడపండి. మళ్లీ ఆపి, రిన్స్‌లో అర నిమిషం, మళ్లీ ఆపి ఫిల్టర్‌కి. ఏడాదికోసారి మూత తీసి ఇసుకలో చెయ్యి పెట్టి చూడండి. గడ్డలు తగిలితే కాల్షియం కట్టిందని అర్థం, మార్చాల్సిందే. గడ్డకట్టకపోయినా సుమారు ఐదేళ్లకు ఇసుక మార్చాలి.

[దృశ్యం: సీసాలో నీళ్లు, చుక్కల మందు, ఎర్రటి రంగు.]

ఇక క్లోరిన్. ఎక్కువమంది బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. అదే కాల్షియంతో చేసిన పొడి. అసలే కఠినమైన నీళ్లలో ఇంకా కాల్షియం పోసినట్టవుతుంది. లిక్విడ్ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్, మన నీళ్లకు నయం. కాకపోతే ఎండకు దాని బలం తగ్గిపోతుంది. నెలకు సరిపడా మాత్రమే కొని నీడలో పెట్టండి. సాయంత్రం పొద్దు వాలాక వేయండి, మధ్యాహ్నం వేస్తే ఎండే తినేస్తుంది.

ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం గురించి ఒక మాట. మన పూల్‌కి సుమారు 130 కిలోల ఉప్పు పడుతుంది, ఆ తర్వాత రోజూ పని తక్కువే. కానీ ఆ యంత్రం పలకల మీద కాల్షియం ముందుగా పేరుకుంటుంది. మీ ల్యాబ్ కాగితంలో అంకె 400 దాటితే దాని జోలికి వెళ్లకండి.

క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే అంకె, 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. పీహెచ్ 7.5 దగ్గర, వేసిన క్లోరిన్‌లో సుమారు సగం క్రిములను బలంగా చంపే రూపంలో ఉంటుంది. 8కి చేరితే అది నాలుగో వంతుకంటే తగ్గిపోతుంది. పైగా పీహెచ్ పెరిగితే ఆ తెల్లటి పొర ఇంకా తొందరగా కడుతుంది. పీహెచ్ తగ్గించడానికి యాసిడ్ వేస్తారు. డీపీడీ రకం టెస్ట్ కిట్ కొనుక్కోండి. పసుపు రంగు చూపించే చౌక కిట్, పని చేసే క్లోరిన్‌ని, అయిపోయిన క్లోరిన్‌ని కలిపి చూపిస్తుంది.

ఎండాకాలంలో రోజుకు 6 మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైనా 190 లీటర్లు పోయినట్టే. నీళ్లు పోతాయి, కాల్షియం మాత్రం పూల్‌లోనే మిగిలిపోతుంది. మళ్లీ బోరు నీళ్లు పోస్తే ఇంకొంత చేరుతుంది. అందుకే పూల్ మీద కప్పే కవర్ కొనండి. వాటర్‌ఫాల్, రంగు లైట్ల కంటే ముందు కొనాల్సింది అదే.

ఈ నాలుగు మాటలు శ్రద్ధగా వినండి. క్లోరిన్‌నీ యాసిడ్‌నీ ఒకే బకెట్‌లో కలపకూడదు, విషవాయువు వస్తుంది. బిళ్లల క్లోరిన్‌ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే నిప్పు అంటుకోవచ్చు, పేలవచ్చు. యాసిడ్ కలిపేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. కరెంటు లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా ఎవరినీ నీళ్లలోకి దించకండి. నీటిలోని లైట్లు 12 వోల్టులవే ఉండాలి. అడుగున నీళ్లు లాగే రంధ్రాలు దూరదూరంగా రెండు ఉండాలి, మూతలు బిగించి ఉండాలి. ఒక్కటే ఉంటే ఆ లాగుడుకి పిల్లలు అతుక్కుపోతారు.

[దృశ్యం: వాన. పూల్ అంచు దాకా నిండిన నీళ్లు.]

మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మోటారు, స్టార్టర్ నేల మీద కాకుండా దిమ్మె మీద పెట్టించుకోండి. నీళ్లు ఎక్కువైతే ఫిల్టర్ వాల్వ్‌ని వేస్ట్‌కి, అంటే నీళ్లను బయటికి పంపే వైపుకి తిప్పి కొంచెం తగ్గించండి, అంతే. ఆ నెలల్లో పూల్ పూర్తిగా ఖాళీ చేయవద్దు. 2021 నవంబర్ వరదల తర్వాత తిరుపతి శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి సంపు, లోపల శుభ్రం చేస్తుండగానే నేలలోంచి పైకి లేచింది. నేలలో నీళ్లు నిండిపోతే, ఖాళీ తొట్టిని అవి కింద నుంచి పైకి నెడతాయి. పూల్‌కీ అదే ప్రమాదం. కట్టేటప్పుడే అడుగున ఆ ఒత్తిడి వదిలే వాల్వ్ పెట్టమని మేస్త్రీకి చెప్పండి. ఖాళీ చేయక తప్పకపోతే ఫిబ్రవరి, మార్చిలో, పక్క బోరులో నీళ్లు కిందికి దిగాయని చూసుకుని చేయండి. పని అయిన వెంటనే తిరిగి నింపేలా నీళ్లు ముందే సిద్ధం చేసుకోండి.